చప్పటి గడ్డి

ఒక దొడ్లో జవ్వాజి అనే పొట్టి గుర్రమూ, బుల్లెమ్మ అనే మేకా కలిసిమెలిసి బతికేవి. జవ్వాజికి గడ్డిలో ఉండే తీపి పడని జబ్బు. పచ్చగడ్డి తిన్నదంటే గిట్టల్లో నిప్పులు పోసినట్టు మంట. అందుకని యజమాని ఎండుగడ్డిని తొట్టిలో నానబెట్టి, అందులో తీపంతా నీళ్లలోకి దిగిపోయాక, పైన ఇంత మందుపొడి చల్లి పెట్టేవాడు.

అది చూస్తే బుల్లెమ్మకి కడుపు తరుక్కుపోయేది. ఒకనాడు కంచె అవతలి నుంచి లేత గరిక నోట కరుచుకొచ్చింది.

“వద్దే, నాకు పడదు,” అంది జవ్వాజి.

“పొడి తిన్నావు కదక్కా! తీపి సంగతి అది చూసుకుంటుందిలే. నీకోసం ముళ్లు దూరి తెచ్చాను, కాదనకు.”

బుల్లెమ్మ మూతి నిండా గీరుకుపోయిన గాట్లు చూసి జవ్వాజి కాదనలేకపోయింది. ఇక రోజూ అదే వరస.

వానలు వెనకబట్టేసరికి జవ్వాజి కూలబడింది.

“పొడి మానలేదు కదక్కా!” అని బుల్లెమ్మ బావురుమంది.

“పొడి తోడు మాత్రమేనే పిచ్చిదానా. నన్ను నిలబెట్టింది ఆ కడిగిన గడ్డి,” అంది జవ్వాజి. మళ్లీ లేవలేదు.

ఖాళీ పాకలో తొట్టి అలాగే ఉండిపోయింది. బుల్లెమ్మ అందులోంచి ఒక పరక తీసి నమిలింది. రుచీ లేదు, వాసనా లేదు, తడి పీచు నమిలినట్టుంది.

ఇంత చప్పటి గడ్డిని ఇన్నాళ్లూ మారుమాటాడకుండా తిన్నదంటే, అక్కకి బతకాలని ఎంత ఆశ ఉండేదో!