బొట్టు కింద గీత

డాబా మీద గాలిబండిని తడిగుడ్డతో తుడుస్తూ వకుళ ఆగిపోయింది. దసరా పూజనాడు పంకా రెక్క మొదట్లో తను పెట్టిన కుంకుమ బొట్టు గుడ్డకి అంటుకొచ్చింది. దాని కింద వెంట్రుకంత గీత కనిపించింది.

"లోపం ఉంది. ఎగరడానికి వీల్లేదు," అంది బండి.

వకుళ బండిలోకి తొంగి చూసింది. కూతురు హంసిని అప్పటికే బడిసంచీతో లోపల కూర్చుంది.

భర్త శేషగిరి వచ్చి బండి తెర చూసి నవ్వాడు. "దాని గోల గీత గురించి కాదే, బొట్టు గురించి. పండగ నుంచీ తనని తాను బొట్టుతోనే చూసుకుంటోందిగా, అదీ తన ఒంట్లో భాగమే అనుకుంది. మళ్ళీ పెట్టెయ్."

"బొట్టు పెట్టి పిలిస్తే గాని రాదట!" అని హంసిని కిసుక్కుమంది.

"మరి ఈ గీత?"

"దానికి తెలియని లోపం నీకు తెలుస్తుందా?"

వకుళ గోటితో తడిమి చూసింది. తగిలినట్టూ ఉంది, తగలనట్టూ ఉంది. అడుగుదామంటే ఊళ్ళో మెకానిక్కులెవరూ మిగల్లేదు. బళ్ళని బళ్ళే చూసుకుంటున్నాయి. భరిణె తెచ్చి బొట్టు పెట్టింది.

"అంతా సవ్యంగా ఉంది. శుభప్రయాణం," అంది బండి.

"అమ్మా, వెళ్ళొస్తా!"

వకుళ చెయ్యి దానంతటదే లేచి, కొంగుతో బొట్టు తుడిచేసింది.

"లోపం ఉంది. ఎగరడానికి వీల్లేదు."

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు శేషగిరి.

"ఏమోనండీ, నాకూ అర్థం కావట్లేదు," అంది వకుళ, భరిణె బొడ్లో దోపుకుంటూ. "హంసీ, నువ్వు మాత్రం దిగమ్మా."