నలభై ఒకటో నంబరు

"ఇంకా కాలేదా అక్కా?" అంది అల్మా, మూడోసారి.

"కూచో. కనుక్కొస్తాను," అంటూ రాగ్నా విసురుగా లేచింది.

దీవిలో రేవుని ఆనుకునే ప్రెబెన్ చేపల హోటలు. ఆరుబయట పది బల్లలుంటే నాలుగింటి దగ్గరే మనుషులున్నారు. సెప్టెంబరు ఆఖరు. వచ్చేవారం తలుపులు మూశాడంటే మళ్ళీ ఏప్రిల్లోనే తెరుస్తాడు. ఎదురుగా ఓడ సిద్ధంగా ఉంది. సరిగ్గా రెండూ నలభైకి కదులుతుంది. గోడ మీద గడియారం రెండూ ఐదు చూపిస్తోంది.

రాగ్నా కౌంటరు మీదకి వంగి ప్రెబెన్‌తో ఏదో మాట్లాడింది. గాలికి మాటలు ఇటు రాలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అందరికీ వినపడేలా అంది: "రెండు చేపలు వేయించడానికి ఇంతసేపా! ఇదేం హోటలో!"

అల్మా కొత్త నీలం టోపీ సర్దుకుంది. అరవై ఏడేళ్ళ వయసులో ఆమె పెళ్ళి చేసుకోబోతోంది. రేపు పదింటికి, అవతలి ఊళ్ళో, మునిసిపల్ ఆఫీసులో. ఓడ దిగేసరికి పెళ్ళికొడుకు హోల్గర్ రేవులో ఎదురు చూస్తుంటాడు. ఇది తప్పితే మళ్ళీ ఓడ ఎల్లుండే.

ఆయన ఇలా ఎదురుచూడటం ఇది మూడోసారి. ఏప్రిల్లో ప్రయాణం రోజు పొద్దున్నే రాగ్నా మెట్టు మీద జారి కాలు బెణికించుకుంది. జూన్‌లో దీవికున్న ఒకే ఒక్క టాక్సీ రాలేదు. రాగ్నా ఫోన్ చేసి గురువారం రమ్మందని డ్రైవరూ, బుధవారమే చెప్పానని రాగ్నా, వీధిలో పెద్ద గొడవ.

మొన్న ఫోన్‌లో హోల్గర్ మెల్లగానే చెప్పాడు. "ఈసారీ నువ్వు దిగకపోతే ఇక నేను రేవుకి రాను అల్మా. డెబ్బై దాటిన మనిషిని. పూలు పట్టుకుని దిగేవాళ్ళందరి మొహాలూ చూస్తూ నిలబడలేను."

అందుకే అల్మా తిండి వద్దంది. పోనీ, రొట్టె మీద హెర్రింగ్ చేప ముక్క పెట్టించుకుని తినేద్దామంది. రాగ్నా ఒప్పుకోలేదు.

"దీవి విడిచి వెళ్ళేవాళ్ళు ఎర్రచుక్కల చేప తిని ఓడెక్కాలని కదే నాన్న పెట్టిన పద్ధతి! నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆఖరి పూట రొట్టెముక్క తిని పోతావా?"

ఆ మాటకి అల్మా సరేనంది. రాగ్నాయే వెళ్ళి చేపలు చెప్పి, డబ్బు కట్టి, నలభై ఒకటి అని రాసిన రేకుముక్క తెచ్చి బల్ల మీద నిలబెట్టింది. అప్పుడు టైము ఒకటీ నలభై.

"నలభై!" అని కిటికీలోంచి ప్రెబెన్ అరిచాడు.

ఇద్దరూ నిటారుగా కూర్చున్నారు.

"నలభై రెండు!"

"అదేంటి? వాళ్ళు మన వెనకాల వచ్చినవాళ్ళు కదా!" అంది అల్మా.

"ఏం ప్రెబెన్! లెక్క మర్చిపోయావా?" రాగ్నా కూర్చున్నచోటి నుంచే కేకేసింది. "ముసలాళ్ళంటే అంత అలుసా?"

ప్రెబెన్ అట్లకాడ పట్టుకుని ఆమెకేసి ఒక్క క్షణం చూశాడు. లోపలికి తిరిగాడు.

"చూశావా పొగరు!" అంది రాగ్నా.

ఓడ మీద తాళ్ళు సర్దుతున్న ఐవిన్ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు. "ఏం పెళ్ళికూతురా! చేప కోసం పెళ్ళికొడుకుని వదిలేస్తావా?"

పక్క బల్లలవాళ్ళు నవ్వారు. అల్మా నవ్వలేదు. రెండూ ముప్ఫై. ఆమె లేచి నిలబడింది.

"నాకు చేపా వద్దు, ఏమీ వద్దు. నేను వెళ్తున్నానక్కా."

"పద, పద. ఇంకా ఎంతసేపని కూచుంటాం!" రాగ్నా ఆమెకంటే ముందు లేచింది. "టికెట్ ఉందా?"

"నీకే కదా ఇచ్చాను, భద్రంగా ఉంటుందన్నావని."

రాగ్నా చేతిసంచీ బల్ల మీద బోర్లించింది. కళ్ళజోడు, ఊలు గ్లవుజులు, దగ్గుబిళ్ళలు, ఇంటి తాళాలు రెండు జతలు. టికెట్ లేదు.

"పొద్దున ఇందులోనే పెట్టాను. నా మతి మండా!"

"పోనీలే, ఐవిన్ మనవాడే. ఎక్కించుకుంటాడు."

"ఐవినా? పోయినేడు టికెట్ లేదని సొంత తమ్ముణ్ణే దింపేశాడు, మర్చిపోయావా? ఉండు, ఇక్కడే ఎక్కడో ఉంటుంది."

గ్లవుజులు విదిలించింది. కళ్ళజోడు పెట్టె తెరిచింది. కోటు జేబులు రెండూ తడిమింది. రెండోసారి తడిమినప్పుడు ఎడమ జేబులో దొరికింది.

అల్మా టికెట్ లాక్కుని పరిగెత్తింది. పెట్టె చక్రం రాళ్ళమధ్య ఇరుక్కుంది. గుంజింది. ఆమె చేరేసరికి ఐవిన్ మెట్లవంతెన పైకి లాగేశాడు. ఈ ఓడ ఎవరి కోసమూ అరనిమిషం ఆగదు. కూత వేసి కదిలింది. ఐవిన్ పైనుంచి చేతులు చాచి ఊరుకున్నాడు. ఈసారి వేళాకోళమాడలేదు.

అల్మా మెల్లగా తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పూలు కొనేసి ఉంటాడక్కా," అంది.

రాగ్నా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కాసేపు అలాగే ఉంచింది. 

"నీ తప్పేముందే? అంతా ఆ ప్రెబెన్ వల్లే. ఉండు, వాడి సంగతి తేల్చుకొస్తాను."

నంబరు రేకు పట్టుకుని కౌంటరు దగ్గరికి నడిచింది. దాన్ని టపీమని చెక్క మీద కొట్టింది. ప్రెబెన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. దూరంగా అటు తిరిగి కూర్చున్న అల్మాని చూసి గొంతు తగ్గించాడు.

"ఓడ వెళ్ళిపోయిందిగా రాగ్నక్కా, నువ్వు ఆపమన్న చేపలు ఇప్పుడు పెనం మీద వెయ్యనా?"