వెంట్రుకవాసి కింద

“ఆపు! మళ్లీ శ్రుతిలోకి వచ్చేశావు!”

పాటల టీచరు కీబోర్డు అంచు మీద అరచేత్తో చరిచింది. ఎదురుగా నిలబడ్డ లైబ్రేరియన్ తల దించుకుంది. నలభై నాలుగేళ్ల వయసులో తిట్లు తినడం ఒక ఎత్తు, సరిగ్గా పాడినందుకు తినడం ఇంకో ఎత్తు.

“ఏం చెయ్యను టీచర్? గొంతు దానంతటదే సరైన చోటికి వెళ్లి కూర్చుంటోంది.”

“ఆదివారం వాళ్ల ముందు కూడా ఇదే చెబుతావా? రాణి వేషం కోసం వచ్చాను, గొంతు నా మాట వినట్లేదూ అని?”

ఆదివారం జరిగే వేషాల ఎంపికకు లైబ్రేరియన్ పేరిచ్చింది. కొత్తగా వేస్తున్న సంగీత నాటకంలో ఆమె వయసుకు తగిన పాత్ర అదొక్కటే. నాయికకు ఇరవై ఏళ్లు. తల్లి వేషానికి పాటల్లేవు, దగ్గు మాత్రం ఉంది. మిగిలింది రాణి. ఆ రాణికి పాడటం రాదు, రాదని చెప్పే ధైర్యం రాజ్యంలో ఎవరికీ లేదు. మూడు పాటలూ తప్పుగానే పాడాలి. వింటే జనం నవ్వాలి గానీ లేచి వెళ్లిపోకూడదు. ఇది కూడా చేజారితే, స్టేజీ ఎక్కాలన్న కోరికను పాత పట్టుచీరల కింద మడత పెట్టేసుకోవడమే.

“అడ్డదిడ్డంగా అరిస్తే అది గోలమ్మా, పాట కాదు” అంది టీచరు. “ప్రతి స్వరానికీ వెంట్రుకవాసి కింద నడవాలి. చివరిదాకా అక్కడే ఉండాలి. ఎక్కకూడదు, ఇంకా జారకూడదు.”

“ఇంకొక్కసారి పాడి చూపించరూ?”

టీచరు కీబోర్డు మీంచి వేళ్లు తీసేసింది. మిగతా పిల్లలకు ఏం చెప్పినా కీబోర్డు మీద వేలితో చెప్పేదే. నోరు విప్పేది లైబ్రేరియన్ కోసమే. అది తన అదృష్టమని ఆమె చాలాసార్లు మురిసిపోయింది కూడా.

టీచరు గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. అబ్బ, ఏం విద్య! ప్రతి స్వరమూ ఉండాల్సిన గడప దాకా వచ్చి, లోపల కాలు పెట్టకుండా బయటే నిలబడిపోతోంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అదే దూరం, స్కేలు పెట్టి గీసినట్టు. ముఖంలో వెటకారం లేదు సరికదా, ప్రాణం పెట్టి పాడుతోంది. పాట అయిపోయాక తల వంచుకుని, కీబోర్డు వంకే చూస్తూ ఉండిపోయింది.

పెద్ద విద్వాంసుల వినయం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది లైబ్రేరియన్.

ఇంట్లో మాత్రం ఆ విద్యకు అంత ఆదరణ దొరకలేదు. ఆమె అంట్లు తోముతూ సాధన మొదలుపెట్టగానే భర్త లేచి కిటికీలు మూసేవాడు.

“మనింట్లో అందరూ బాగానే ఉన్నారా అని పక్కింటావిడ అడిగింది” అన్నాడు ఓ పొద్దున.

“మీరేమన్నారు?”

“అమ్మకి ఒంట్లో బాలేదన్నాను.”

“మధ్యలో నన్నెందుకురా లాగుతావు?” అంది అత్తగారు, చెవుల్లో దూది సర్దుకుంటూ. “అమ్మాయ్, ఇందాక మూడో వరుస మాత్రం బాగా పాడావే.”

“అయ్యో, బాగా వచ్చిందా అత్తయ్యా?” లైబ్రేరియన్ గిన్నె వదిలేసి, బెంగగా మళ్లీ మొదటి నుంచి అందుకుంది.

అత్తగారు దూది పొట్లం కొడుకు వైపు తోసింది.

ఆదివారం ఆమె వంతు పన్నెండోది. ముందు వెళ్లినవాళ్లలో పాడటం రానివాళ్లు కేకలు పెట్టి వచ్చారు. పాడటం వచ్చినవాళ్లు రెండో వరుసకే శ్రుతిలో పడిపోయారు. లైబ్రేరియన్ కళ్లు మూసుకుని, టీచరు గొంతును చెవిలో నిలుపుకుని, దాని వెంటే నడిచింది. మొదటి పాటకు బల్ల వెనక కూర్చున్న నాటకంవాళ్లు నలుగురూ పెదవులు బిగపట్టారు. రెండో పాటకు పగలబడి నవ్వారు. మూడో పాట సగంలో నవ్వు ఆగిపోయింది. “పాపం, ఎంత ఇష్టమో పాటంటే” అని ఎవరో గొణిగారు.

డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు.

“తప్పు పాడేవాళ్లను చాలామందిని విన్నానండీ. ఇంత నిజంగా పాడేవాళ్లను వినలేదు. ఎవరు మీ గురువు?”

ఆమె చెప్పింది.

“ఆవిడకు నా నమస్కారం చెప్పండి. వేషం మీదే.”

టీచరు గుమ్మంలోనే నిలబడి ఎదురుచూస్తోంది. లైబ్రేరియన్ మెట్లెక్కుతూనే అరిచింది. “నాదే టీచర్! రాణి నేనే!”

“ఎక్కడా ఎక్కలేదు కదా?”

“ఎక్కలేదు, జారలేదు. అచ్చం మీలా పాడానంతే. డైరెక్టరు లేచి నిలబడి మీకు నమస్కారం చెప్పమన్నాడు!”

టీచరు ఆమెను గట్టిగా కావలించుకుంది. కాసేపటికి వదిలి, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“ఒక్క కోరిక టీచర్” అంది లైబ్రేరియన్. “మూడు నెలలూ నా కోసం తప్పుగానే పాడారు. ఈ ఒక్కసారి ఆ పాట శ్రుతిలో పాడండి. మీ నోట వినాలని ఉంది.”

టీచరు నవ్వి, ఆమె చెంప నిమిరింది.

“గొంతుకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఇంతేనమ్మా. నీకు పాడి చూపించిన ప్రతిసారీ, శ్రుతిలో పాడదామనే మొదలుపెట్టాను.”