మామగారి మెయిన్‌ఫ్రేమ్

"సున్నా నంబరు ప్రశ్నకి జవాబు చెప్పకపోతే అది ఇంకో అడుగు కూడా ముందుకెయ్యదని మీ ఆయనకి చెప్పమ్మా."

హాల్లో సూట్‌కేసు సర్దుకుంటున్న తండ్రి ఆ మాట అన్నది కూతురితో. వినాల్సిన మనిషి మాత్రం నాలుగడుగుల దూరంలోనే, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, భర్త వైపు తిరిగి, "విన్నారుగా?" అంది.

"విన్నాను. ఆ జవాబేమిటో కూడా ఆయన్నే అడుగు," అన్నాడతను తెర మీంచి చూపు తిప్పకుండా.

శుక్రవారం నుంచీ ఇంట్లో ఇదే తంతు. ఆ రోజు పెద్దాయన తను ఆపరేటరుగా పనిచేసిన మెయిన్‌ఫ్రేమ్ అనే గదంత కంప్యూటరు గురించి, అది ఉండే అద్దాల గది గురించి, ఆ గదిలో చలికి స్వెట్టర్ వేసుకుని కూర్చోవడం గురించి చెప్పుకొస్తున్నాడు. మీరు జన్మంతా కాపలా కాసిన ఆ యంత్రం ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఓ మూల పడుంటుంది మామయ్యగారూ అని అల్లుడు నవ్వాడు. సరదాకే అన్నాడు. పెద్దాయన సగం భోజనంలో లేచిపోయాడు. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రేపు పొద్దున్నే పెద్దకొడుకు ఇంటికి వెళ్లిపోతానని ఆయన భీష్మించుకుని కూర్చున్నాడు.

ఇంతలో ఈ ఆదివారం మధ్యాహ్నం భర్త కొత్త పని నెత్తినేసుకున్నాడు. పాతకాలపు మెయిన్‌ఫ్రేమ్‌లా నటించే ప్రోగ్రాం ఒకటుంటుందట, ఎమ్యులేటర్ అంటారట. దాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టి, అందులో మామగారి కాలం నాటి ఆపరేటింగ్ సిస్టంని లేపుతున్నాడు. అతను ఇది రాజీకి చేస్తున్నాడో, తనన్న మాట రుజువు చెయ్యడానికి చేస్తున్నాడో ఆమెకి అంతుపట్టలేదు. తండ్రి మాత్రం రెండోదే అనుకున్నాడని మూతి బిగింపులోనే తెలుస్తోంది.

నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు కొన్ని వరసలు పడి ఆగిపోయాయి. సిస్టం ఏదో అడుగుతోంది. జవాబు చెప్పేదాకా అంతే, కదలదు.

"ఏం చెప్పాలట నాన్నా?"

తండ్రి చొక్కా మడతపెడుతూ, అవి గాల్లోకి విసిరే జవాబులు కావన్నాడు. ఏ నంబరు ప్రశ్నకి బదులిస్తున్నామో ముందు చెప్పాలి, ఆ తర్వాతే అసలు మాట. ఎవరికి చెబుతున్నామో చెప్పకుండా ఎంత మొత్తుకున్నా అది విననే వినదన్నాడు.

"మీ ఇద్దరికంటే అదే నయం," అంది ఆమె.

కింద ఎవరో కారు కడుగుతున్న నీళ్ల చప్పుడు వినిపించింది. భర్త తన కుర్చీ కాస్త పక్కకి జరుపుకుని, ఇంకో కుర్చీ లాగి పెట్టాడు.

"మామయ్యగారూ, మీరే వచ్చి చెప్పండి. నావల్ల కావట్లేదు."

పెద్దాయన చొక్కా సూట్‌కేసు మీద పడేసి వచ్చాడు. కూర్చోలేదు. అల్లుడి వెనక నిలబడి తెరకేసి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడుచుకున్నాడు. ఆ తాత్సారం చూస్తూ ఆమె ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసింది. ఏ పట్టింపో గుర్తొచ్చి వెనక్కి తిరిగి వెళ్లిపోతాడేమోననుకుంది.

"కొట్టు బాబూ," అన్నాడు ఆయన చివరికి.

ఆ గొంతు ఆమెకి చిన్నప్పటి నుంచీ ఎరుకే. ఆఫీసు నుంచి ఫోనొస్తే ఇంట్లో అందరినీ ఊరుకోమని సైగ చేసి మాట్లాడే గొంతు. ఆయన నంబరు చెప్పాడు, కామా పెట్టమన్నాడు, తర్వాత నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాడు. అల్లుడు టకటకా కొట్టాడు. అక్షరాలు జలజలా పారి మళ్లీ ఆగాయి.

ఈసారి మధ్యలో ఆగిపోయిన పాత పనులు ఉంచాలా, తుడిచేసి మొదట్నుంచీ మొదలెట్టాలా అని అడుగుతోందట. ఏం చేద్దామని అల్లుడు తలెత్తి అడిగాడు.

"ఉంచు. తుడిచేస్తే ఎవరో పాపం రాత్రంతా కూర్చుని చేసుకున్న పని పోతుంది."

మళ్లీ కొన్ని అక్షరాలు చెప్పాడు. అల్లుడు అవీ కొట్టాడు. వరస మీద వరస పైకి పాకుతూ పోయి, ఒకచోట నిలిచి, సిద్ధంగా ఉన్నానన్న మాట తెర మీద పడింది.

"లేచింది," అన్నాడు పెద్దాయన, పక్కన పసిబిడ్డ ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా.

అప్పుడు కూర్చున్నాడు. తర్వాత ఆ ఇద్దరి మధ్యా ఇస్త్రీ చేసే మనిషి అవసరం లేకపోయింది. టేపు తెగితే ఏం చేసేవారని అల్లుడు అడిగాడు. ప్రింటరు కాగితం నమిలేస్తే ఎలాగని అడిగాడు. కరెంటు పోయినప్పుడు అధికారులంతా తన చుట్టూ ఎలా చేరి గుడ్లప్పగించి చూసేవారో ఆయన చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆమె టీ పెట్టి ఇచ్చింది. రేపటి ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు.

భర్త పాలు తేవడానికి కిందికి వెళ్లాక, తండ్రి కప్పులు తెచ్చి వంటింటి సింకులో పెట్టాడు.

"ఇన్నేళ్లయినా ఒక్క అక్షరం మర్చిపోలేదు నాన్నా నువ్వు," అంది ఆమె మురిసిపోతూ.

ఆయన వీధి తలుపు మూసి ఉందో లేదో ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఒక్క జవాబూ గుర్తులేదమ్మా. నేను నోటికొచ్చింది చెబుతుంటే, సరైనవి కొడుతూ కూర్చున్నాడు మీ ఆయన."