నీటి కింద

"రేపటి పోటీలో తల్లిదండ్రులెవరూ కొలను గట్టు మీదికి రాకూడదు," అన్నాడు ఈత కోచ్ వామన్‌రావు.

కృపాకర్ కూతురి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "గట్లయితే షారోన్‌ను పంప. పోయినసారి నేను ఒర్లినందుకే గెలిచింది."

"అరుపుకు పతకముంటే మీకే ఇచ్చేవాణ్ణి. గాలిలోని కేక చాలావరకు నీటిని తాకి వెనుదిరుగుతుంది. అమ్మాయినే అడగండి."

"మీ సైన్సు మీకాడ్నే ఉంచుకోండ్రి, సార్! చెప్పు బిడ్డా, ఈదుతుంటే నా గొంతు ఇనవడ్తదా, లేదా?"

షారోన్ తలవంచుకుంది. "ఇనవడదు డాడీ."

"మరి ఇన్నొద్దులు చెప్పలేదేంది?"

"చెప్తే ఈత మాన్పిస్తవని. ఇంట్ల, బండి మీద, బహదూర్‌పురా సడక్ మీద, అంతట నీ లొల్లే. ఒక్క నీళ్లల్లనే ఉండదు."

మరో కేక వేయడానికి కృపాకర్ నోరు తెరిచాడు. షారోన్ మణికట్టు విడిపించుకొని కొలనులోకి దూకింది.