పద్దెనిమిదేళ్లకు ఒక ఆత్మ

పై ఆఫీసు నుంచి తనిఖీకి మనిషి వస్తున్నాడని ఉత్తరం అందిన దగ్గర్నుంచి పాస్టరు అయ్యగారికి ముద్ద దిగడం లేదు.

ఆయన పరాయి దేశం వచ్చి సువార్త చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు. చర్చిలో ముప్ఫై బల్లలు. ఆదివారం వాటి మీద కూర్చునేది ముగ్గురు. ఒకరు ఆయన భార్య. ఒకరు, ఎండకు తాళలేక నీడ కోసం దూరే పోస్టుమాను. మూడోవాడు అయ్యగారింటి వంటాయన. ఏటా పంపే నివేదికలో మాత్రం "ఇక్కడి జనంలో గొప్ప ఆకలి కనబడుతోంది" అని రాస్తూ వచ్చారు. అబద్ధమేం కాదు. ప్రార్థన అయ్యాక పెట్టే బిస్కెట్లలో ఒక్కటీ మిగిలేది కాదు.

"మారుమనసు పొందినవాడు ఒక్కడైనా కనబడకపోతే మిషను మూసేస్తారట," అంది భార్య. "పోన్లెండి, ఇంటికెళ్లి మా తమ్ముడి టైర్ల కొట్లో కూర్చుందురు గాని. వాడూ మనిషి కోసం చూస్తున్నాడు."

అయ్యగారి ఆశంతా వంటాయన మీదే. తొమ్మిదేళ్ల క్రితం తనంతట తనే వచ్చి పనిలో చేరాడు. జీతం ఎంతని కూడా అడగలేదు. ఎదురు హోటలాయన రెట్టింపు ఇస్తానన్నా కదల్లేదు. వాక్యం మీద అతను అడిగే ప్రశ్నలకు అయ్యగారే పుస్తకాలు తిరగేసుకోవాల్సి వచ్చేది. అంత దాహం ఉన్నవాడు, బాప్తిస్మం మాటెత్తితే మాత్రం పాలు పొంగుతున్నాయని లేచిపోయేవాడు.

ఈసారి అయ్యగారు సిగ్గు విడిచి వంటగదిలోకే వెళ్లారు.

"నాయనా, నువ్వు నీళ్లలో దిగనక్కర్లేదు. లేచి నాలుగు ముక్కలు సాక్ష్యం చెప్పు, చాలు. లేకపోతే నన్ను వెనక్కి పిలిచేస్తారు."

వంటాయన గరిటె పక్కన పెట్టి, ఆయన్ను జాలిగా చూశాడు.

"మీరు వెళ్లిపోతే ఇన్నేళ్ల నా కష్టం ఏమైపోవాలయ్యా? చెప్తాను."

ఆదివారం తనిఖీదారు కళ్లజోడు సర్దుకుని ముందు బల్ల మీద కూర్చున్నాడు. వంటాయన లేచాడు. తన చీకటి బతుకు గురించి చెప్పాడు. అందులోకి వచ్చిన వెలుగు గురించి చెప్పాడు. ఆ వెలుగు కోసం ఇల్లూ వాకిలీ వదిలేసిన సంగతి చెబుతుంటే పోస్టుమాను కూడా నిద్ర లేచాడు. పద్దెనిమిదేళ్లలో ఆ చర్చిలో అంత మంచి ప్రసంగం ఎవరూ చేయలేదు. అయ్యగారితో సహా.

"ఈ అయ్యగారే లేకపోతే నేనీ ఊళ్లో ఉండేవాణ్నే కాదు," అని ముగించాడు.

తనిఖీదారు ముక్కు చీది, అక్కడికక్కడే ఇంకో ఐదేళ్లకు సంతకం పెట్టేశాడు.

సాయంత్రం అయ్యగారు గదిలో మోకాళ్ల మీద దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటుంటే, వంటగదిలో వంటాయన తనను ఈ దేశానికి పంపిన వేరే క్రైస్తవ శాఖ మిషనుకు నివేదిక రాసుకుంటున్నాడు: "పాస్టరు చాలావరకు మెత్తబడ్డాడు, మన దారిలోకి రావడానికి ఇంకో ఐదేళ్ల గడువు ఇప్పించగలరు."