నదికి దిగువ దారి

మర్సుదిన్ వీపు మీది సంచి అడవిలోకి వట్టిగా వెళుతుంది, వచ్చేటప్పుడు నిండుగా వస్తుంది. దెస్రీనా అనుమానం అక్కడే మొదలైంది.

అరవై దాటిన మనిషి. కెరించి అడవి అంచున దాల్చినచెక్క తోట ఉంది, హాయిగా దాన్ని చూసుకుంటూ కూర్చోవచ్చు. నెలకు రెండుసార్లు ఒంటరిగా అడవిలో పడి మూడేసి రోజులు ఏం చేస్తున్నట్టు? అడిగితే తేనె కోసమంటాడు. ఆ తేనె నాలుక మీద వేసుకున్నవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు.

దెస్రీనా అడవి కాపలా దళంలో చేరి రెండేళ్లయింది. ఉచ్చులు వేసేవాణ్ని పట్టుకుని తీరాలని పంతం పట్టి ఆరు నెలలు. జింక కోసం వేసిన ఉచ్చుకు ఎలుగైనా ఒకటే, పులైనా ఒకటే. పోయిన నెల ఓ ఎలుగుపిల్లను ఆమే విడిపించింది. నైలాన్ తాడు ఎముక దాకా దిగింది. పిల్ల రెండో రోజుకు చనిపోయింది. దెస్రీనా ఇంటికొచ్చి నాన్నకు చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పూట నాన్న కూడా అన్నం ముట్టలేదు.

ఇప్పుడు అదే అడవిలో ఓ ఆడపులి పిల్లతో తిరుగుతోంది. ఒక్క ఉచ్చు బిగిసిందా, రెండు ప్రాణాలు పోయినట్టే.

చిక్కేమిటంటే, దళం వెళ్లిన దారిలో ఒక్క ఉచ్చూ దొరకదు. వెళ్లని దారిలోనే జంతువులు పడుతుంటాయి. వీళ్లు ఎటు వెళ్లేదీ ఎవరో ముందే కనిపెడుతున్నారు.

"ఇంకెవరు? ఆ మర్సుదినే" అన్నాడు నాన్న, బయల్దేరే రోజు పొద్దున. "మీరు ఎటు పోయినా వాడి తోట ముందు నుంచే కదా పోవాలి."

ఆమె చాపను చుట్టి సంచికి కడుతున్నాడు. ప్రతిసారీ తనే కడతాడు. ఎడమచేతి వాటం మనిషి. రెండు చుట్లు తిప్పి, చివర లోపలికి దోపి బిగించాడు.

"ఈసారి ఎటు తల్లీ? నదికి ఎగువా, దిగువా?"

"ఎగువకే నాన్నా."

"ఎగువంతా జారుడు. చూసుకుని నడు."

మొదటి రోజు సాయంత్రం మజిలీలో దళం పెద్ద అఫ్రిజల్ ఆ ముడితో కాసేపు కుస్తీ పట్టి ఓడిపోయాడు.

"మీ నాన్న కట్టింది విప్పాలంటే కత్తన్నా ఉండాలి, నువ్వన్నా ఉండాలి చెల్లీ."

దెస్రీనా నవ్వింది. లాగితే బిగుస్తుంది. ఎడమ బొటనవేలితో లోపలికి నెట్టాలి. ఏడేళ్లప్పుడు నాన్న నేర్పాడు. ఊళ్లో మరెవరికీ రాదని ఆమెకు కాస్త గర్వం కూడా.

రెండో రోజు వాన విరుచుకుపడింది. నది పొంగి ఎగువ దారి మునిగిపోయింది. చేసేది లేక అందరూ దిగువకు మళ్లారు. బూట్లలో జలగలు, మెడ మీద జలగలు. కొమ్మల మీద కోతులు గొంతు చించుకుంటున్నాయి.

బురదలో పంజా అచ్చులు కనిపించాయి. పెద్దవి, పక్కనే చిన్నవి.

"అమ్మమ్మ ఇటే వెళ్లింది" అని గుసగుసలాడాడు అఫ్రిజల్. అడవిలో పులి అనే మాట ఎవరూ పైకి అనరు.

ఒక్కసారిగా కోతులు నోళ్లు మూసుకున్నాయి. ముప్పై అడుగుల దూరంలో ఆకులు కదిలాయి. అమ్మమ్మ దారి మీదికొచ్చింది. వీళ్లను చూసింది. వెనక పిల్ల దాటేదాకా ఆగి, నింపాదిగా పొదల్లోకి వెళ్లిపోయింది. నాలుగు కాళ్లూ బాగున్నాయి. దెస్రీనాకు కళ్లు చెమర్చాయి.

పది నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. మళ్లీ అడుగు వేయబోయేసరికి, ఎదురుగా మర్సుదిన్ వస్తున్నాడు. చేతిలో కత్తి. వీపున నిండు సంచి.

"పెదనాన్నా, తేనె బాగానే దొరికినట్టుందే!" అంది దెస్రీనా.

ముసలాయన ముఖం పాలిపోయింది. "మీరు ఎగువకు కదా వెళ్లాలి..." అన్నాడు.

"ఆ సంగతి నీకెట్లా తెలుసు?"

దెస్రీనా ఆయన సంచి లాక్కుని కింద కుమ్మరించింది. పద్నాలుగు నైలాన్ ఉచ్చులు.

"తేనెటీగలు తాళ్లు కూడా పేనుతున్నాయా ముసలోడా!" అంటూ అఫ్రిజల్ ఓ ఉచ్చు అందుకున్నాడు. "దీంతోనే నీ చేతులు కట్టి ఊళ్లో ఊరేగిస్తా" అని ముడి పీకసాగాడు.

"నేను వేసినవి కాదు, కోసుకొచ్చినవి. ఆ తెగిన చివరలు చూడండి" అన్నాడు మర్సుదిన్.

చూసింది. తాళ్లు బురద పట్టి నల్లబడ్డాయి. తెగిన చోటు మాత్రం తెల్లగా, కొత్తగా ఉంది.

"మీరు ఎగువకు పోతే ఇవి దిగువన ఉంటాయి తల్లీ. మీరు దిగువకు పోతే ఎగువన. మీరు ఎటు తిరిగేదీ తోటలోంచి చూసి, ఏడాదిగా మీరు పోని దారినే నేను పోతున్నా."

"మరి తెచ్చి ఆఫీసులో ఎందుకివ్వలేదు?"

"ఇస్తే, ఎవరివని అడుగుతారు."

"ఎవరివి?"

ముసలాయన తల దించుకున్నాడు. "నా నోటితో చెప్పించకు."

"చెప్పి తీరాలి పెదనాన్నా. ఎవడైనా సరే, ఇదే తాడుతో వాడి చేతులు నేనే కడతా."

"చచ్చినా రావట్లేదు, ఆ కత్తి ఇటివ్వు చెల్లీ" అన్నాడు అఫ్రిజల్ విసుగ్గా, ఉచ్చు ఆమె చేతిలో పడేసి.

దెస్రీనాకు కత్తి అవసరం రాలేదు. ఎడమ బొటనవేలితో లోపలికి నెట్టగానే ముడి ఊడి తాడు అరచేతిలో పడింది.